ట్రాక్టరు సరే, ట్రాలీ సంగతేమిటి?

నవంబరు వచ్చిందంటే మన క్యాంపుల్లో నిద్ర ఉండదు. హార్వెస్టరు ఏ రాత్రి మన పొలంలో దిగుతుందో తెలియదు. దిగిన రాత్రే వడ్లు ట్రాలీకి ఎక్కాలి, తెల్లారేలోపు మిల్లుకో కల్లానికో చేరాలి. చీకటి పడ్డాక సింధనూరు, కారటగి, గంగావతి రోడ్ల మీద ఒక టీ కొట్టు దగ్గర అరగంట కూర్చుని చూడండి. వెళ్లే ట్రాలీల్లో ఎన్నింటికి వెనక లైటు వెలుగుతోందో లెక్కపెట్టండి. నేను లెక్కపెట్టాను. ఒక చేతి వేళ్లు చాలాయి.

నేను మెకానిక్కుని కాను. ముప్పై నాలుగేళ్లు గుమాస్తాగా కాగితాలు రాసి రిటైరైనవాణ్ణి. ట్రాలీ గురించి నేర్చుకోవలసిన అవసరం నాకు ఒక చావు వల్ల వచ్చింది.

మూడేళ్ల కిందట మార్గశిర మాసంలో, నాకు తమ్ముడి వరసయ్యే ఒకాయన వడ్ల లోడుతో వస్తుంటే ట్రాలీ టైరు పంక్చరైంది. రోడ్డు వారగా ఆపాడు. వారగా అంటే సగం రోడ్డు మీదే. ఇంజను ఆపి, పంక్చరు వేసేవాణ్ణి తీసుకురావడానికి ఎవరి బండో ఎక్కి వెళ్లాడు. ఇరవై నిమిషాలు పట్టింది. అతను తిరిగొచ్చేసరికి పక్క ఊరి కన్నడ కుర్రాడు ఒకడు బైకు మీద వచ్చి వెనకనుంచి ట్రాలీని గుద్దుకుని అక్కడికక్కడే పోయాడు. ఇరవై రెండేళ్లు. హెల్మెట్టు కూడా ఉంది. ట్రాలీ వెనక తలుపు అంచు సరిగ్గా మనిషి గుండె ఎత్తులో ఉంటుంది, హెల్మెట్టు ఏం చేస్తుంది?

సంఘం తరఫున ఆ ఇంటికి నేనే వెళ్లి కూర్చోవలసి వచ్చింది. ఆ పెద్దాయన నన్ను ఒక్క మాట అడిగాడు. "హిందె లైట్ ఎల్లి?" అన్నాడు. వెనక లైటు ఏదీ, అని. నా దగ్గర జవాబు లేదు. డెబ్బై ఏళ్లుగా ఆ ఊరికీ మన క్యాంపుకీ ఒకే కాలువ నీళ్లు, ఒకే సంత. ఆ రాత్రి తర్వాత చాలాకాలం మనవాళ్లు ఆ ఊరి మీదుగా వెళ్లడం మానేసి చుట్టూ తిరిగి వెళ్లారు. ట్రాక్టరుకు ఇన్సూరెన్సు ఉంది, ట్రాలీకి లేదు. పరిహారం కోసం మా తమ్ముడు రెండెకరాలు అమ్ముకున్నాడు.

తర్వాత నేను తెలిసిన మెకానిక్కుల వెంటా, ట్రాలీలు కట్టే వర్క్‌షాపుల వెంటా తిరిగి అడిగి తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. తుంగభద్ర ఆయకట్టు మనవాళ్లను మనసులో పెట్టుకుని రాసినా, చెరకు తోలేవాళ్లకూ, రాయగడ, కోరాపుట్ కొండదారుల్లో బండి నడిపేవాళ్లకూ పనికొస్తుంది. ఘాటు రోడ్డు వాళ్లు బ్రేకుల భాగం ముందు చదివినా సరే.

ముందు టేపు, తర్వాతే లైటు

మా తాతగారు 1950ల్లో ఇటు వచ్చినప్పుడు రెండెడ్ల బండిలో సామాను తెచ్చుకున్నారట. రాత్రి ప్రయాణమైతే బండి ఇరుసు కింద లాంతరు వేలాడదీయకుండా ఎద్దుల్ని కట్టేవారు కాదని మా నాయనమ్మ చెప్పేది. అప్పుడు రోడ్డు మీద ఎదురొచ్చేది ఇంకో ఎద్దుబండే. ఇప్పుడు వెనకనుంచి వచ్చేది గంటకు అరవై కిలోమీటర్లలో వచ్చే బైకు. అయినా లాంతరు మాత్రం పోయింది.

లెక్క చూడండి. అరవై కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. బైకు డిమ్ లైటు గట్టిగా చూపించేది 40 మీటర్ల దూరం అనుకుందాం. అంటే మట్టి కొట్టుకుపోయిన ట్రాలీ అతని కంట పడ్డాక చేతిలో ఉన్నది రెండు సెకన్ల పైచిలుకు. అదేమిటో పోల్చుకుని బ్రేకు మీద చెయ్యి వేసేసరికే ఒకటిన్నర సెకను పోతుంది. మిగిలిన పదిహేను మీటర్లలో ఆ బండి ఆగదు. అతను తాగి లేకపోయినా, నిద్రమత్తులో లేకపోయినా ఆగదు. కుర్రాళ్లు దూకుడుగా నడుపుతారని మనం ఊరికే అనుకుంటాం గానీ, ఈ లెక్కలో వాడి తప్పేమీ లేదు.

అందుకే ఎవరైనా నన్ను ముందు ఏం కొనాలని అడిగితే టేపు కొనమంటాను. లైటుకు బ్యాటరీ కావాలి, వైరు కావాలి, డ్రైవరు స్విచ్చి వేయాలి. మా తమ్ముడి ట్రాలీకి లైట్లు ఉన్నా ఆ రాత్రి వెలిగేవి కావేమో, ఇంజను ఆపి వెళ్లేవాడు లైట్లు కూడా ఆపేసే వెళతాడు. టేపుకు ఇవేవీ అక్కర్లేదు. దాని మీద పడ్డ వెలుతురును వచ్చిన దిక్కుకే తిప్పి కొడుతుంది. కాబట్టి ఎవడి బండి లైటు పడిందో వాడి కంటికే మెరుస్తుంది, నలభై మీటర్ల దగ్గర కాదు, నూటయాభై మీటర్ల అవతలే.

దీన్ని మనం రేడియం స్టిక్కరు అంటాం. అందులో రేడియం ఏమీ లేదు, ఆ పేరు అలా పడిపోయింది. ఇబ్బంది ఎక్కడంటే, పగలు తళతళలాడే ప్రతి స్టిక్కరునూ రేడియం అనే అమ్ముతారు. పేర్లు రాయించుకునే రంగు స్టిక్కరు రాత్రి పూట పెద్దగా మెరవదు. మంచి టేపు మీద ఏఐఎస్ 090 అన్న ముద్ర ఉంటుంది, లోపల తేనెతుట్టె గళ్లలాంటి అల్లిక కనిపిస్తుంది, రెండంగుళాల వెడల్పు ఉంటుంది. ముద్ర కూడా నమ్మలేకపోతే ఇంటి దగ్గరే పరీక్ష చేయండి. ఒక ముక్క గోడకు అంటించి, చీకటి పడ్డాక యాభై అడుగులు వెనక్కి నడిచి, టార్చి లైటును మీ చెంప పక్కన, కంటి ఎత్తులో పట్టుకుని వేయండి. చెయ్యి చాపి వేస్తే తెలియదు. నిప్పుకణికలా కళ్లలో పొడిస్తే మంచి సరుకు. మసగ్గా కనిపిస్తే తిరిగిచ్చేయండి.

రంగుల వరస మార్చకూడదు. వెనక ఎరుపు, పక్కల పసుపు, ముందు తెలుపు. ఎదురుగా వచ్చేవాడు ఆ రంగును బట్టే బండి వెనక భాగం చూస్తున్నాడో ముందు భాగం చూస్తున్నాడో పోల్చుకుంటాడు. వెనక తలుపు మీద అడ్డంగా ఒక్క పట్టీ వేసి వదిలేయకుండా, నాలుగు మూలలా వేయించండి. మూలలు తెలిస్తేనే బండి వెడల్పు తెలుస్తుంది. పక్కల వేయడం చాలామంది మానేస్తారు. పొలం దారిలోంచి హైవే ఎక్కి మలుపు తిరిగేటప్పుడు మన ట్రాలీ రోడ్డుకు అడ్డంగా గోడలా నిలబడుతుంది, అప్పుడు వచ్చేవాడికి కనిపించేది పక్కభాగమే.

టేపు అంటించే ముందు రేకును సబ్బుతో కడిగి, తుప్పు గీకి, ఆరనిచ్చి, కొంచెం థిన్నరుతో తుడవాలి. మట్టి మీద అంటిస్తే మొదటి వానకే ఊడిపోతుంది. అంటించాక కూడా వారానికోసారి తడిగుడ్డతో తుడవాలి. దమ్ము చేసే రోజుల్లో బురద పట్టిన టేపు ఉన్నా లేనట్టే.

గడ్డి తోలేవాళ్లకు ఇంకో చిక్కుంది. గడ్డి లోడు వెనక తలుపును దాటి రెండు మూడు అడుగులు కిందికి వేలాడుతుంది. టేపు, లైటు, నంబరు ప్లేటు అన్నీ లోపలికి పోతాయి. దీనికి ఒక చెక్క పలక చేయించుకోండి. నాలుగైదు అడుగుల పొడవు, దాని మీద రెండు లైట్లు, ఎర్ర టేపు, పొడుగాటి వైరు. గడ్డి కట్టాక ఆ పలకను లోడు చివర తాళ్లకు కట్టి, వైరు తెచ్చి ట్రాక్టరుకు గుచ్చడమే. లోడు దించాక విప్పి ఇంట్లో పెట్టుకోవచ్చు. క్యాంపుకు రెండు పలకలుంటే అందరూ వాడుకోవచ్చు.

ఇక లైట్లు. మీ ట్రాక్టరు వెనక మూతతో ఒక గుండ్రటి సాకెట్టు ఉందేమో చూడండి. చాలా ట్రాక్టర్లకు కంపెనీ నుంచే ఏడు కాళ్ల సాకెట్టు వస్తుంది. కొన్న రోజునుంచి దాని మూత తీయనివాళ్లు కోకొల్లలు. మూత తీసి టార్చి వేస్తే లోపల 1 నుంచి 7 వరకు అంకెలు కనిపిస్తాయి. 1 ఎడమ ఇండికేటరు, 4 కుడి ఇండికేటరు, 5 కుడి వెనక లైటు, 7 ఎడమ వెనక లైటు, 6 బ్రేకు లైటు, 3 ఎర్తు. రెండో కాలు ఫాగు లైటుది, మనకు దాంతో పనిలేదు. వైరింగు చేసే కుర్రాడు వైరు రంగుల్ని నమ్ముకుంటే ఒక్కోసారి తారుమారవుతుంది, ఎందుకంటే మన బజార్లో దొరికిన రంగు వైరు వేసేస్తారు. అంకెల్ని చూసి వేయమనండి.

ఎర్తు వైరు సంగతి గట్టిగా చెప్పాలి. ట్రాలీ ఇనుమే కదా, హుక్కు పిన్ను గుండా ఎర్తు అందుతుందిలే అని ఆ ఒక్క వైరు మిగుల్చుకుంటారు. పిన్నుకు గ్రీజు ఉంటుంది, తుప్పు ఉంటుంది, బండి కదిలినప్పుడల్లా పిన్ను ఆడుతుంది. అక్కడ కరెంటు నిలకడగా పారదు. బ్రేకు తొక్కితే ఇండికేటర్లు మిణుకుమిణుకుమంటున్నా, ఇండికేటరు వేస్తే వెనక లైటు ఆరిపోతున్నా బల్బులు మార్చకండి. నూటికి తొంభై వంతులు ఎర్తు తెగినట్టే. సాకెట్టు మూడో కాలునుంచి ప్రతి లైటు దాకా విడిగా ఎర్తు వైరు లాగాలి. అది మిగతా వైర్ల కన్నా లావుగా, 2.5 చదరపు మిల్లీమీటర్లది ఉంటే మంచిది. మిగతావాటికి 1.5 చాలు.

వైరును కొనేటప్పుడు ఫ్లెక్సిబుల్ పైపు కూడా కొనండి. షెడ్డులో ఎలుకలు ఊరుకోవు. డ్రాబారు దగ్గర వైరుకు కొంత వదులు ఉంచాలి. పూర్తిగా మలుపు తిప్పినా బిగుసుకోకూడదు, నేల మీద ఈడ్చుకుపోకూడదు. ప్లగ్గు కాళ్లకు కాస్త వాజలైను రాస్తే పాచి పట్టదు. యూరియా తోలిన ట్రాలీకైతే ఈ పని తప్పదు, యూరియా చెమ్మ రాగిని తినేస్తుంది.

బల్బా, ఎల్‌ఈడీనా అంటే నా ఓటు ఎల్‌ఈడీకే. పాత పద్ధతిలో ఒక్కో బ్రేకు బల్బు 21 వాట్లు లాగుతుంది, గుంతల్లో అదిరి ఫిలమెంటు తెగిపోతుంది. ఎల్‌ఈడీ రెండు మూడు వాట్లతో సరిపెట్టుకుంటుంది, అదురును తట్టుకుంటుంది. నీళ్లు చొరకుండా సీలు చేసినది, 12 వోల్టులదో, 9 నుంచి 32 వోల్టుల దాకా పనిచేసేదో తీసుకోండి. ఒక మెలిక ఉంది. పాత ట్రాక్టరులో ఇండికేటరును మిణికించే ఫ్లాషరు బల్బు లాగే కరెంటును బట్టి పనిచేస్తుంది. ఎల్‌ఈడీ పెట్టగానే అది వెలిగి అలాగే ఉండిపోవచ్చు, లేదా పిచ్చిగా కొట్టుకోవచ్చు. లైటు చెడ్డదని షాపువాడితో గొడవ పడకండి, ఎలక్ట్రానిక్ ఫ్లాషరు ఒకటి మార్చించండి.

వెనక ఎరుపు తప్ప ఇంకే రంగూ పెట్టొద్దు. నీలం, ఆకుపచ్చ పట్టీలు గిర్రున తిరిగేవి ఇప్పుడు మన కుర్రాళ్లకు మోజు. పాటల డబ్బాలకు వేలకు వేలు పోసినవాణ్ణి వెనక లైటుకు ఐదొందలు అడిగితే సీజను అయ్యాక చూద్దాం బాబాయ్ అంటాడు.

బ్రేకు లేని ఎనిమిది టన్నులు

మన ట్రాలీల్లో ఎక్కువ వాటికి అసలు బ్రేకే లేదు. ట్రాక్టరు బ్రేకే అంతా ఆపాలి. ట్రాక్టరు రెండు టన్నులు, నిండు ట్రాలీ ఎనిమిది టన్నులు అనుకోండి. రెండు టన్నుల్ని ఆపడానికి చేసిన బ్రేకు మీద పది టన్నులు వేస్తున్నాం. బరువు ఐదు రెట్లయితే ఆగే దూరం కూడా దాదాపు ఐదు రెట్లవుతుంది. ఉత్త ట్రాక్టరు ఆరు మీటర్లలో ఆగే చోట లోడుతో ముప్పై మీటర్లు కావాలి. ట్రాలీ బరువు కొంత హుక్కు మీద పడి వెనక చక్రాల పట్టు పెరిగితే కాస్త ముందే ఆగవచ్చు, దాన్ని నమ్ముకోకూడదు. వేగం రెట్టింపు చేస్తే దూరం నాలుగింతలు. కాలువ వంతెన దిగుతూ ఎదురుగా గేదెలు కనిపించినవాడికి ఈ లెక్క ఒళ్లు తెలుసు.

అంతకన్నా ప్రమాదం, ట్రాలీ తోయడం. దిగుడులో ట్రాక్టరు ఆగుతుంటే వెనక ఎనిమిది టన్నులు ఆగనంటాయి. తిన్నగా ఉంటే ముందుకు తోస్తాయి, కొంచెం మలుపులో ఉంటే ట్రాక్టరును పక్కకు తిప్పి మడతపెట్టేస్తాయి. కొండదారి వాళ్లు ఇది చూసే ఉంటారు. ఎక్కేటప్పుడు ఏ గేరులో ఎక్కారో దిగేటప్పుడూ అదే గేరు, అంతకు పైది వద్దు. డీజిలు మిగులుతుందని న్యూట్రలులో వదిలేవాడి పక్కన కూర్చోవద్దు.

పైసా ఖర్చు లేని జాగ్రత్త ఒకటుంది. ట్రాక్టరుకు బ్రేకు పెడళ్లు రెండు, ఎడమ చక్రానికొకటి, కుడి చక్రానికొకటి. దమ్ములో ఇరుకున తిప్పుకోవడానికి వాటిని విడదీసుకుంటాం. రోడ్డెక్కే ముందు వాటి మధ్య కొక్కెం మళ్లీ వేయాలి. కొక్కెం వేయకుండా లోడుతో వెళ్తూ కంగారులో ఒక్క పెడలే తొక్కితే ఒకే చక్రం పట్టేసి ట్రాక్టరు గిర్రున తిరుగుతుంది. చాలా ట్రాక్టరు బోల్తాల వెనక ఉన్నది ఇదే. పొలం గట్టు దగ్గరే కొక్కెం వేసుకునే అలవాటు చేసుకోవాలి.

ట్రాలీకే బ్రేకు పెట్టించాలంటే రెండు దారులున్నాయి. మొదటిది తోపుడు బ్రేకు. ట్రాక్టరు నెమ్మదించగానే ట్రాలీ ముందుకు తోస్తుంది కదా, ఆ తోపుకే డ్రాబారు కొంచెం లోపలికి జరిగి చక్రాల బ్రేకును పట్టిస్తుంది. ట్రాక్టరులో ఏమీ మార్చనక్కర్లేదు, ఏ ట్రాక్టరుకు తగిలించినా పనిచేస్తుంది. అయితే రివర్సు తీస్తే కూడా అది తోపనుకుని పట్టేస్తుంది, అందుకని రివర్సుకు ముందు వేసే అడ్డు కమ్మీ ఉండాలి. రెండోది హైడ్రాలిక్ బ్రేకు. ట్రాక్టరు బ్రేకు తొక్కగానే ఆయిలు ఒత్తిడి గొట్టం గుండా ట్రాలీకి వెళ్లి అక్కడా పట్టిస్తుంది. దీనికి ట్రాక్టరుకు ట్రైలరు బ్రేకు వాల్వు ఉండాలి. కొత్తది కొనేవాళ్లు బేరమాడేటప్పుడే అడగండి, తర్వాత పెట్టించడం ఖరీదు. ఒకే ట్రాక్టరు, ఒకే ట్రాలీ ఉన్న ఇంటికి హైడ్రాలిక్ మేలు. బాడుగకు రకరకాల ట్రాక్టర్లకు తగిలించే ట్రాలీకి తోపుడు బ్రేకే కుదురుతుంది.

పాత ఇరుసుకే డ్రమ్ములు వెల్డింగు పెట్టిస్తామనేవాళ్లు ఉంటారు. ఒప్పుకోకండి. వేడికి ఇరుసు బలం తగ్గుతుంది, కేంద్రం తప్పితే చక్రం వంకరగా తిరుగుతుంది. బ్రేకుతో సహా తయారైన ఇరుసు విడిగా దొరుకుతుంది, మొత్తం అదే మార్చాలి. బిగించాక ఖాళీ ట్రాలీతో ఊరి బయట మట్టి నేల మీద, నడక కంటే కాస్త ఎక్కువ వేగంలో వెళ్లి గట్టిగా తొక్కించండి. దిగి నేల మీద గీతలు చూడండి. రెండు చక్రాల గీతలు ఒకేలా ఉండాలి. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి ఉంటే షూలు సమంగా బిగించలేదని. ఆ తర్వాత సగం లోడుతో, ఆ తర్వాతే నిండు లోడుతో చూడాలి. అయిదారు కిలోమీటర్లు నడిపి దిగి, చక్రం హబ్బు దగ్గర చెయ్యి వెనకభాగం ఆనించి చూడండి. చెయ్యి ఆననివ్వనంత వేడి ఉంటే బ్రేకు విడవడం లేదు, లేకపోతే బేరింగుకు గ్రీజు లేదు.

నిలిపినప్పుడు చక్రం కింద పెట్టే రాయి గురించి. అందరం పెడతాం, బయల్దేరేటప్పుడు ఎవరం తీయం. మనం వెళ్లిపోయాక ఆ రాయి రోడ్డు మీదే ఉంటుంది, చీకట్లో ఇంకో బైకు కోసం. తుమ్మ చెక్కతో రెండు గుదిబండలు కొట్టించి, తాడుతో ట్రాలీకే కట్టేయండి. మరిచిపోయి కదిలినా వెంట ఈడ్చుకొస్తాయి.

పిన్ను, గొలుసు, హుక్కు

హుక్కు పిన్ను పోయిందనుకోండి, మన దగ్గర వెంటనే జరిగేది చేతికందిన బోల్టు దూర్చడం. బోల్టుకు మర ఉంటుంది. ప్రతి మర గాడీ ఒక గాటు లాంటిదే, తెగేది అక్కడే. పైగా మామూలు బోల్టు ఇనుము మెత్తన. ట్రాలీ పిన్ను సాగగొట్టి గట్టిపరిచిన ఉక్కుది, నున్నగా ఉంటుంది, కింద స్ప్రింగు రింగున్న చిన్న పిన్ను దూర్చడానికి రంధ్రం ఉంటుంది. ఆ చిన్న పిన్ను బదులు కట్టు తీగ చుట్టేవాళ్లున్నారు. గుంతలో పెద్ద పిన్ను పైకి ఎగురుతుంది, తీగ ఎంతసేపు ఆపుతుంది? చిన్న పిన్నులు పది కొని టూల్ బాక్సులో పడేయండి, టీ ఖర్చు.

పిన్నును సీజనుకోసారి బయటకు తీసి తుడిచి చూడాలి. మధ్యలో అరిగి నడుము సన్నబడితే మార్చేయడమే. డ్రాబారు రంధ్రం గుండ్రంగా ఉందా, కోడిగుడ్డు ఆకారానికి వచ్చిందా చూడండి. రంధ్రం సాగితే ప్రతి కుదుపుకూ ట్రాలీ ఒక సుత్తి దెబ్బ వేస్తుంది. ఆ టకటక మోత వినిపిస్తున్నా పాటల డబ్బా మోతలో తెలియదు.

ట్రాలీని డ్రాబారుకే తగిలించాలి, ఇంకెక్కడా వద్దు. బురదలో కూరుకున్నప్పుడు పట్టు వస్తుందని పైన టాప్ లింకుకు గొలుసు వేసి లాగించే పని మన దగ్గర ఇంకా ఉంది. లాగే చోటు వెనక ఇరుసు కన్నా ఎత్తుకు వెళితే ట్రాక్టరు ముందు చక్రాలు లేచి డ్రైవరు మీదికే తిరగబడుతుంది. అది జరగడానికి పట్టే సమయంలో క్లచ్చి తొక్కడం మనిషి వల్ల కాదు.

రక్షణ గొలుసు మాట ఎత్తితే పిన్ను ఉందిగా అంటారు. పిన్ను పోయిన రోజు కోసమే గొలుసు. నిండు ట్రాలీ బరువును ఆపగల గొలుసు, రెండు వైపులా కొక్కేలతో, డ్రాబారు కిందుగా వేసి ట్రాక్టరు చట్రానికి తగిలించాలి. మలుపు తిరగడానికి ఎంత వదులు కావాలో అంతే. బావి గొలుసులు, గేదెల గొలుసులు దీనికి పనికిరావు.

బెళగావి, బాగల్‌కోటె వైపు చెరకు సీజనులో ఒకే ట్రాక్టరుకు రెండు ట్రాలీలు వరసగా తగిలించి తోలడం చూస్తాం. ఇప్పుడిప్పుడే మనవాళ్లలోనూ కొందరికి ఆ ఆశ పుట్టింది. పైన చెప్పిన బ్రేకు లెక్కను ఇంకో ఎనిమిది టన్నులతో వేసుకుని చూసి, తర్వాత నన్ను అడగండి.

రెండు చక్రాల ట్రాలీ అయితే లోడు సర్దడంలోనూ ఉంది. బరువు ఇరుసుకు కొంచెం ముందు వైపు ఉండాలి. వెనక ఎక్కువైతే డ్రాబారును పైకి లేపుతుంది, ట్రాక్టరు వెనక చక్రాలకు నేల పట్టు పోతుంది, అప్పుడు ఎంత మంచి బ్రేకైనా జారడమే. బస్తాలు నింపేటప్పుడు మనవాళ్లు వెనక తలుపు దగ్గర్నుంచి మొదలుపెడతారు, అలుపు తక్కువని. ముందునుంచి మొదలుపెట్టించండి.

కాగితాలు చివరికి రాస్తున్నాను గానీ, నేను గుమాస్తాని కాబట్టి ఇది మాత్రం ఢంకా బజాయించి చెబుతాను. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం ట్రైలరు కూడా ఒక మోటారు వాహనమే. దాని రిజిస్ట్రేషను దానికి ఉండాలి. ఇన్సూరెన్సు పాలసీ తీసి చూడండి. ట్రాక్టరు నంబరుతో పాటు ట్రాలీ నంబరు, ట్రాలీకి కట్టిన ప్రీమియం ఆ కాగితం మీద కనిపించాలి. కనిపించకపోతే ఈ వారమే ఏజెంటు దగ్గరికి వెళ్లండి. వ్యవసాయానికని రాయించుకున్న ట్రాలీలో ఇటుకలు, ఇసుక బాడుగకు తోలితే ప్రమాదం రోజున కంపెనీ మొదట అడిగేది అదే. పెళ్లికో జాతరకో ట్రాలీ నిండా మనుషుల్ని ఎక్కించడం గురించి నేను చెబితే మీకు కోపం వస్తుంది, అయినా చెబుతున్నాను. ఆ మనుషుల్లో ఎవరికి ఏమైనా భారమంతా యజమాని నెత్తినే పడుతుంది. కాగితాలు కన్నడంలోనో ఇంగ్లీషులోనో ఉండి చదవడం కష్టమైతే సంఘం ఆఫీసుకు తెండి, చదివి చెబుతాను. సిగ్గుపడాల్సిందేమీ లేదు, మా తమ్ముడి పాలసీ నేను ముందే చదివి ఉంటే బాగుండేది.

రోడ్డు మీద బండి ఆగిపోతే ఏం చేయాలో ఇంట్లో ఆడవాళ్లకూ, జీతగాళ్లకూ కూడా చెప్పి ఉంచండి. వీలైనంత మట్టుకు రోడ్డు దించాలి. వెనక కనీసం యాభై మీటర్ల దూరంలో, హైవే అయితే అంతకు రెట్టింపు దూరంలో, ఎర్ర త్రికోణం నిలబెట్టాలి. అది లేకపోతే చెట్టు కొమ్మలు అడ్డం వేయడం మనకు అలవాటు. కొమ్మ చీకట్లో కనిపించదు, దాని మీదికే ఎక్కి పడతారు. ఇద్దరుంటే ఒకరు టార్చితో వెనక నిలబడాలి. ఒక్కరే ఉంటే ట్రాలీని వదిలి వెళ్లొద్దు, ఫోను చేసి మనిషిని పిలిపించుకోవాలి. క్యాంపులో ఎవరికి చేసినా వస్తారు, అర్ధరాత్రైనా సరే, నాకు చేయండి.

సంఘం ఆఫీసులో ఎర్ర, పసుపు, తెల్ల టేపు చుట్టలు తెప్పించి ఉంచాం. కొన్న ధరకే ఇస్తాం, అంటించడానికి ఇద్దరు కుర్రాళ్లు ఉంటారు. కోతలు మొదలయ్యే లోపు ప్రతి ఆదివారం పొద్దున్న ఏడు నుంచి పది దాకా. పక్క ఊళ్ల కన్నడ రైతుల ట్రాలీలు వచ్చినా అదే ధర. ఒక్క మనవి, ట్రాలీ వెనక తలుపు ముందురోజే కడిగి, ఆరబెట్టుకుని తీసుకురండి. పోయినసారి సగం పొద్దు కడగడానికే సరిపోయింది.